సంచీ ఆఖర్న కొనండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



పొద్దుట్నుంచి పెద్దలు బడి చరిత్ర చెప్పారు, గురువుల గొప్పతనం చెప్పారు. నాకు అప్పగించిన పని చాలా చిన్నది. స్వర్ణోత్సవం పేరు చెప్పి వచ్చే శివరాత్రికి వెంకటాపురం నుంచి శ్రీశైలానికి పాత కాలిబాటన నడుద్దామని మన సంఘం తీర్మానించింది కదా. పేర్లిచ్చినవాళ్లలో సగానికి సగం నాకు ఫోన్ చేశారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏ బ్యాగు కొనమంటావు?" డల్లాస్ నుంచి వచ్చిన మనవాడొకడు ఇంకో అడుగు ముందుకేసి, చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ రావచ్చా అని అడిగాడు. భీముని కొలను మెట్లు వాడికి గుర్తులేనట్టుంది. అందరికీ విడివిడిగా చెప్పలేక కార్యదర్శిగారిని పది నిమిషాలు అడిగాను. మూట మోసే సంగతి తప్ప ఇంకేమీ మాట్లాడను.

మొదటి మాట. బ్యాగు ఇప్పుడే కొనకండి. ముందు మీరు మోయాలనుకున్న సామానంతా ఇంట్లో నేల మీద పరిచి తూకం వెయ్యండి. సంచీ ఆఖర్న. ఇది నేను కనిపెట్టింది కాదు. మన డ్రిల్లు మాస్టారు 1979లో ఈ బడి వరండాలో నేర్పిన పాఠం. అప్పుడు నేర్చుకోలేదు కాబట్టే ఇవాళ మీకు చెప్పే అర్హత వచ్చిందనుకుంటున్నాను.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఇరవై రెండుమందిమి ఇదే దారిన నడిచాం. బయల్దేరే ముందురోజు సాయంత్రం మాస్టారు హాస్టల్ వంటింట్లోంచి బియ్యం బస్తాలు తూచే కాటా బయటికి తెప్పించారు. ముందు మనిషిని నిలబెట్టేది, తర్వాత మూటను పెట్టేది. రెండు అంకెలూ చాక్‌పీసుతో గోడ మీద రాసేది. నా వంతు వచ్చింది. మాది బట్టల కొట్టు అని మీలో చాలామందికి తెలుసు. మా నాన్న హోల్డాల్‌లో రెండు దుప్పట్లు, ఒక జంపఖానా, స్టీలు క్యారియర్, మూడు బ్యాటరీల టార్చిలైటు, నాలుగు చందమామలు. నేను 38 కిలోలు, నా హోల్డాల్ 11 కిలోలు.

"ఏమ్రా, కాపురం పెట్టేకి పోతాండావా?" అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు.

నా వెనకాల నిలబడ్డవాడు మా బెంచీవాడే. వాడు ఇప్పుడు ఈ సభలోనే మూడో వరుసలో ఉన్నాడు. పేరు చెబితే లేచి వెళ్లిపోతానని నిన్ననే బెదిరించాడు కాబట్టి చెప్పను. వాడి గుడ్డసంచీ కాటా మీద పెడితే ముల్లు కిలోన్నర దాటలేదు. మాస్టారు ఆ సంచీ వంక ఓ క్షణం చూశారు. ఏమీ అనలేదు. నా హోల్డాల్ విప్పించి, ఒక దుప్పటీ జంపఖానా తీసి వాడి చేతికిచ్చి, "నీ సంచీ తేలిగ్గుంది గదా, వీని దుప్పటి నువ్వు మొయ్యి. రాత్రికి నువ్వే కప్పుకో. మళ్లా మళ్లా విప్పేది కట్టేది ఎందుకు, దండగ" అన్నారు.

ఈ కథ మిగతాది తర్వాత చెప్తాను. ముందు మూట సంగతి.

మూట మోసేది భుజాలనుకుంటాం. భుజాలు మోయలేవు. మెడ కింద నుంచి భుజం దాకా ఉన్న ఆ కండరాలు చెయ్యి ఎత్తడానికి, దించడానికి ఉన్నవి. గంటల తరబడి బరువు వేలాడేస్తే అవి బిగుసుకుపోతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మన ఒంట్లో బరువు మొయ్యడానికి పుట్టినవి తుంటి ఎముకలు, తొడలు. కాబట్టి మంచి సంచీ అంటే భుజాల మీద పడ్డ బరువును నడుముకు దించే సంచీ. మిగతా హంగులన్నీ దీని తర్వాతే.

అమెరికాలో డిక్ కెల్టీ అని ఒకాయన ఉండేవాడు. ఒకసారి కాలిఫోర్నియా కొండల్లో నడుస్తుంటే ఆయన స్నేహితుడు చెక్క చట్రం ఉన్న సంచీ మోస్తూ, భుజాలు నొప్పి పుట్టి, చట్రం కింది కొనలు రెండూ తన ప్యాంటు వెనక జేబుల్లో దోపుకున్నాడట. బరువు నడుము మీదికి దిగింది, ప్రాణం లేచొచ్చింది. ఆ ఉపాయం పట్టుకుని కెల్టీ 1952లో అల్యూమినియం గొట్టాలు వంచి చట్రాలు చేసి, నడుము పట్టీ తగిలించి అమ్మడం మొదలుపెట్టాడు. ఇవాళ మీరు దుకాణంలో చూసే ప్రతి పెద్ద సంచీకీ ఉన్న ఆ లావుపాటి నడుము పట్టీ వెనక ఈ జేబుల కథ ఉంది. అది అలంకారం కాదు. నేను చాలాకాలం అలంకారమే అనుకున్నాను, ఆ సిగ్గుమాలిన సంగతి కూడా చెప్తాను.

కొనేటప్పుడు అందరూ లీటర్లు అడుగుతారు. నలభై లీటర్లా, అరవై లీటర్లా అని. లీటర్లు సామానుకు కొలత. మీ ఒంటికి కొలత వేరే ఉంది, అది వీపు పొడుగు. తల ముందుకు వంచండి. మెడ కింద ఒక ఎముక బుడిపెలా తగులుతుంది. అక్కణ్ణుంచి మొదలు. ఇప్పుడు రెండు చేతులూ నడుము మీద పెట్టుకోండి, పాత సినిమాల్లో సూర్యకాంతంగారు నిలబడ్డట్టు. మీ బొటనవేళ్లు తుంటి ఎముకల పైఅంచుకు ఆనాలి. ఆ రెండు వేళ్లనూ కలుపుతూ వెన్ను మీద గీత గీస్తే, అక్కడ ఆఖరు. మధ్య దూరం టేపుతో ఇంకొకరి చేత కొలిపించుకోండి. పెద్దవాళ్లకు సాధారణంగా 15 నుంచి 21 అంగుళాల లోపు ఉంటుంది. మనిషి ఎత్తును బట్టి దీన్ని ఊహించకండి. ఆరడుగులవాడికి కాళ్లు పొడుగై వీపు పొట్టిగా ఉండొచ్చు. ఆడవాళ్లకు విడిగా చేసే సంచీలుంటాయి. భుజం పట్టీల వంపు, నడుము పట్టీ కోణం తేడాగా ఉంటాయి. రంగు తేడా మాత్రమే అనుకుని అన్నదమ్ముల సంచీ తెచ్చుకోకండమ్మా.

ఆన్‌లైన్‌లో కొంటే చౌక, నిజమే. కానీ దుకాణానికెళ్లి, ఖాళీ సంచీ కాదు, ఎనిమిది పది కిలోలు నింపిన సంచీ తగిలించుకుని పావుగంట తిరగండి. నింపడానికి వాళ్లు ఏమీ ఇవ్వకపోతే ఇంటినుంచి ఐదు కిలోల బియ్యం ప్యాకెట్లు రెండు పట్టుకెళ్లండి. నేను అట్లా వెళ్తే ఆ కుర్రాడు నన్ను వింతగా చూశాడు, చూడనివ్వండి. తగిలించుకునే వరస ఇది. పట్టీలన్నీ వదులు చెయ్యండి. ముందు నడుము పట్టీ, అది బొడ్డు దగ్గర కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి. బిగించండి. తర్వాత భుజం పట్టీలు, భుజాన్ని ఆనుకునేంత వరకే. తర్వాత భుజం పైనుంచి సంచీ నెత్తికి వెళ్లే చిన్న పట్టీలు. అవి సంచీని వెనక్కి పడిపోకుండా వీపుకు లాగి పట్టుకుంటాయి. ఆఖర్న ఛాతీ పట్టీ, ఊపిరి ఆడేలాగ. ఇంత చేశాక భుజం పట్టీ కింద వేలు దూరిస్తే సుళువుగా దూరాలి. దూరలేదంటే ఇంకా భుజాలే మోస్తున్నాయన్నమాట.

ఇక సర్దడం. పడక సామాను అడుగున. బరువైనవి, అంటే నీళ్లు, తిండి, నడిమధ్యలో, వీపుకు ఆనించి. తేలికవి బయటివైపు. బరువు వీపుకు దూరమైనకొద్దీ అది మిమ్మల్ని వెనక్కి లాగుతుంది, మీరు ముందుకు వంగుతారు, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. దారిలో పదిసార్లు తీసేది ఏదో అది పైన పెట్టండి. టార్చి అడుగున పెట్టి చీకట్లో సంచీ అంతా కుమ్మరించేవాళ్లను నేను చాలామందిని చూశాను.

ఎంత బరువు? రెండు మూడు రోజుల నడకకు ఒంటి బరువులో అయిదో వంతు దాటకూడదని మామూలుగా చెప్తారు. అరవై దాటిన మనకు నేను ఆరేడో వంతు చాలంటాను. ఇక్కడ గురువులున్నారు కాబట్టి ఒక పక్కమాట. బడిపిల్లల సంచీ బరువు పిల్లవాడి బరువులో పదో వంతు మించకూడదని 2020లో వచ్చిన జాతీయ విధానం చెప్తోంది. 30 కిలోల పిల్లవాడికి 3 కిలోలు. పుస్తకాల మోత గురించి యశ్‌పాల్ కమిటీ 1993లోనే నివేదిక ఇచ్చింది. మన హాస్టల్ కాటా ఇంకా పనిచేస్తోందట. వారానికోసారి ఏడో తరగతి సంచీలు దాని మీద పెట్టి చూస్తే బావుంటుంది. పెట్టమని చెప్పడానికి నేనెవర్ని, మనవి చేస్తున్నానంతే.

సంచీ ఒక్కటే దారి కాదు. ఉగాదికి ముందు మన ఊరి మీదుగా శ్రీశైలం వెళ్లే కన్నడ భక్తుల్ని చిన్నప్పట్నుంచీ చూస్తున్నాం. నెత్తిన మూట, భుజాన కావడి. వాళ్లలో ఎవరి దగ్గరా వేల రూపాయల సంచీ లేదు. వాళ్లు నడిచినంత మనం నడవలేం. కావడి గొప్ప సాధనం. రెండు వైపులా బరువు సమంగా ఉంటే బద్ద నడకతోపాటు ఊగుతూ సాయం చేస్తుంది. కానీ చెట్లు కమ్ముకున్న ఇరుకు దారిలో మలుపు తిరగడం, మెట్లు దిగడం అలవాటున్నవాళ్లకే చెల్లు. నెత్తిన మోయడం మీద పరిశోధనలే జరిగాయి. కెన్యాలో ఆడవాళ్లు తమ బరువులో అయిదో వంతు దాకా తల మీద పెట్టుకుని, ఉత్తచేతుల్తో నడిచినదానికంటే అదనపు శక్తి ఖర్చు కాకుండా నడుస్తారని 1986లో లెక్కగట్టారు. నేపాల్ హమాలీలు డోకో అనే బుట్టను నుదుటి మీదికి వేసుకున్న పట్టీతో మోస్తారు. ఆ పట్టీని నామ్లో అంటారు. చేతిలో తొక్మా అని అడ్డకర్ర బిగించిన ఊతకర్ర ఉంటుంది. అలిసినప్పుడు బుట్ట దించరు, ఆ కర్రను కిందపెట్టి బుట్టను దానిమీద ఆనించి నిలబడే సేదతీరుతారు. అక్కడి మగవాళ్లు సగటున తమ ఒంటి బరువుకు దగ్గర దగ్గరగా మోస్తున్నారని 2005లో తేలింది. ఇవన్నీ చిన్నప్పట్నుంచి మెడకు, వెన్నుకు వచ్చిన విద్యలు. మా అమ్మ చుట్టకుదురు మీద రెండు బిందెలు పెట్టుకుని బావి నుంచి వచ్చేది, చేత్తో పట్టుకునేది కూడా కాదు. నేను ఒక్క బిందెతో ప్రయత్నిస్తే మెడ వారం పట్టింది. చూసి దణ్ణం పెట్టుకోవలసిన విద్య అది, శివరాత్రికి వారం ముందు మొదలుపెట్టేది కాదు.

అసలు మోయకపోవడం కూడా ఒక పద్ధతే. అలిపిరిలో సామాను ఇచ్చేసి ఉత్తచేతుల్తో కొండెక్కడానికి మనకు ఎప్పుడూ నామోషీ లేదు. మన నడకకు కూడా వంటపాత్రలు, పరుపుచుట్టలు రోడ్డు మీదుగా వాహనంలో శ్రీశైలం చేరతాయి. మోకాళ్లు సరిగా లేనివాళ్లు బట్టలు దాంట్లో పడేసి, నీళ్లు, మందులు, ఒక దుప్పటితో చిన్న సంచీ తగిలించుకుని రండి. ఎవరూ ఏమీ అనరు.

నీళ్ల గురించి గట్టిగా చెప్పాలి. హిమాలయాల గురించి రాసినవి చదివి చాలామంది స్వెట్టర్లు, జాకెట్లు కొంటున్నారు. అక్కడ బరువంతా చలిబట్టల్లో ఉంటుంది. మన నల్లమలలో బరువంతా నీళ్లలో ఉంటుంది. లీటరు నీళ్లు కిలో, అందులో బేరం లేదు. శివరాత్రి నాటికి పగలు ఎండ ముదురుతుంది, రాత్రి మాత్రం చలే. జాతర రోజుల్లో నాగలూటి దగ్గర, పెద్దచెరువు దగ్గర అన్నదానాలు, నీళ్లు ఉంటాయి. అయినా ఏ వేళకైనా ఒంటి మీద రెండు మూడు లీటర్లు తగ్గకూడదు. కాబట్టి తగ్గించవలసింది తక్కినవాటిలో. మూడో జత బట్టలు, పవర్ బ్యాంకుల్లో రెండోది, "ఎందుకైనా మంచిద"ని పెట్టుకునే ప్రతిదీ. ఒక మాట, అది ఇప్పుడు పులుల అభయారణ్యం. అటవీశాఖవారు జాతరకు వదిలిన రోజుల్లోనే, వదిలిన దారిలోనే నడవాలి. తీసుకెళ్లిన ప్లాస్టిక్ తిరిగి తెచ్చుకోవాలి. ఆ చెత్త సంచీకి కూడా చోటు ఉంచుకోండి.

ఇక నా సిగ్గుమాలిన సంగతి. 2018లో నేనూ, మూడో వరుసలో కూర్చున్న ఆ పెద్దమనిషీ హిమాచల్‌లో సర్ పాస్ నడకకు వెళ్లాం. 13,800 అడుగులు. నేను 75 లీటర్ల సంచీ ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఖాళీ సంచీయే రెండు కిలోల పైచిలుకు. పెద్ద సంచీలో ఉన్న గుణం ఏమిటంటే, చోటు కనిపించినకొద్దీ ఏదో ఒకటి పెడుతూ పోతాం. కాసోల్‌లో తూస్తే 16 కిలోలు. వాడిది తొమ్మిది. మొదటి రెండు రోజులు వాణ్ణి చూసి నవ్వాను. పాస్ దాటి బిస్కేరి వైపు దిగుతుంటే నా కుడి మోకాలు మడత పడటం మానేసింది. మంచులో ఒక బండ మీద కూలబడ్డాను. వాడు వెనక్కొచ్చి, "నీది నాకియ్యి, నాది నువ్వు తగిలించుకో" అన్నాడు. తగిలించుకుంటే వాడి నడుము పట్టీ నా పొట్ట మీదికొచ్చింది. వాడి వీపు నాకంటే మూడంగుళాలు పొట్టి. అది పనికిరాదని తేలాక, వాడు నా సంచీ చూసి, "ఏరా, నడుము పట్టీ ఎందుకు వెనక్కి తిప్పి కట్టేశావు?" అన్నాడు. అడ్డమొస్తోందని నాలుగు రోజుల కిందట నేనే కట్టేశాను. నాలుగు రోజులూ 16 కిలోలు భుజాల మీదే మోశాను. వాడేమీ అనకుండా ఐదు కిలోల సామాను తన సంచీలోకి మార్చుకుని, నాకు ఆ పట్టీ బిగించి, లేవదీశాడు.

ఇప్పుడు 1979 కథ. ఆ రాత్రి పెద్దచెరువు దగ్గర పడుకున్నాం. చలి బాగా పెట్టింది. నేను లేచి వాడి దగ్గరకెళ్లి నా దుప్పటి నాకిమ్మన్నాను. జంపఖానా కూడా అడిగాను. నాదే కదా. వాడు మాట్లాడకుండా రెండూ ఇచ్చేశాడు. నేను రెండు దుప్పట్లు కప్పుకుని నిద్రపోయాను. తెల్లారగట్ల మెలకువ వస్తే మంట దగ్గర మాస్టారూ వాడూ కూర్చుని ఉన్నారు. రాత్రంతా వాడు మంట దగ్గరే కూర్చున్నాడని అర్థమైంది. వాడు ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. బ్యాంకు ఉద్యోగంలో ఊళ్లు తిరిగాను, పిల్లల పెళ్లిళ్లు చేశాను, ఆ చలి మాత్రం నా వెంటే తిరిగింది.

బిస్కేరి శిబిరంలో ఆ సాయంత్రం, మోకాలికి గుడ్డ చుట్టుకుని కూర్చుని, ముప్ఫై తొమ్మిదేళ్ల తర్వాత అడిగాను. "ఆ రాత్రి నీకు గుర్తుందా?" అని.

"గుర్తులేకేం. సార్ తన శాలువా నాకు కప్పినారు. నేను హాయిగా పడుకుంటి. తెల్లారేదాకా మంట దగ్గర కూర్చున్నది సార్. నేను నాలుక్కి లేసి పోయినా" అన్నాడు. కాసేపాగి, "నీకు తెలీదా?" అన్నాడు.

నాకు తెలీదు. మర్నాడు భీముని కొలనులో దిగి కైలాసద్వారం దాకా రెడ్డిరాజుల నాటి ఆ మెట్లన్నీ ఎక్కినప్పుడు, మా అందరి అన్నం గుండిగ మాస్టారి భుజం మీదే ఉంది. నిద్రలేని మనిషి. ఆ కాటా బరువెక్కువ పెట్టుకున్న నాలాంటివాళ్లను పట్టుకోవడానికే తెచ్చారని అప్పటిదాకా అనుకుంటూ వచ్చాను. ఆయన ఇవాళ ఈ వేదిక మీద లేరు. ఉంటే ఈ పది నిమిషాలూ ఆయనవే, నేను సంచీ పట్టుకుని నిలబడి ఉండేవాణ్ణి.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. రేపు పొద్దున ఏడింటికి పాత హాస్టల్ వరండాలో కాటా పెట్టిస్తున్నాను. నడకకు వచ్చేవాళ్లంతా సామానుతో రండి. సంచీ ఇంకా కొనకపోతే బియ్యం గోనెలో వేసుకుని తెచ్చినా సరే. ఇరవై కిలోలు తెచ్చేవాళ్లు ఎట్లాగూ వస్తారు. మరీ తేలిగ్గా ఉన్నవాళ్లు కూడా తప్పకుండా రండి. నా దగ్గర దుప్పట్లు రెండు ఎక్కువున్నాయి, ఒకటి ఎవరైనా మోసిపెట్టాలి.